చవక కార్బైన్ ప్రాక్టీసుకి పనికొస్తుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. మా తమ్ముడు టెక్సాస్‌లో డాలస్ పక్కన ఉంటాడు, సిటిజన్‌షిప్ కూడా వచ్చేసింది, ఇంటి దగ్గర ఒక షూటింగ్ రేంజిలో మెంబర్‌షిప్ తీసుకుని వారం వారం పోతుంటాడు. ఇప్పుడు పిస్టల్ రౌండ్లే వేసే 9 ఎం.ఎం. కార్బైన్ (పొట్టి రైఫిల్) ఒకటి తక్కువ ధరలో కొందామని చూస్తున్నాడు. హై పాయింట్ 995, కెల్‌టెక్ సబ్ 2000, రూగర్ పీసీ కార్బైన్ అని మూడు పేర్లు పంపి "అన్నా, నువ్వు ఎన్‌సీసీలో ఫైరింగ్ చేసినోడివి, ఏది బాగుంటదో చెప్పు" అంటాడు. నాకు పాయింట్ టూ టూ రైఫిల్ తప్ప ఇంకేం తెలీదు. వాడికి కావాల్సింది ప్రాక్టీసు ఒక్కటే. చవకది కొంటే డబ్బు దండగా? మంచిదా కాదా అని ఎట్లా పరీక్ష చేసుకోవాల?

జవాబు: మీ తమ్ముడిని ముందు ఒక కాగితం మీద లెక్క వేయమనండి. అమెరికాలో మామూలు ప్రాక్టీసు 9 ఎం.ఎం. రౌండు 25 సెంట్లకి కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. వారానికి ఒక 50 రౌండ్ల డబ్బా అనుకున్నా ఏడాదికి 2600 రౌండ్లు, అంటే 650 డాలర్లు. ఆయన చెప్పిన మూడింట్లో రెండు అంతకంటే తక్కువకే వస్తాయి, మూడోది కూడా షాపుని బట్టి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. తుపాకీ ఒకసారి కొంటాం, రౌండ్లు మాత్రం కాల్చినన్నాళ్ళూ కొంటూనే ఉంటాం. అందుకే ప్రాక్టీసు తుపాకీని ధర చీటీ చూసి కాకుండా, కాల్చిన ప్రతి రౌండూ మనకేమన్నా నేర్పుతుందా లేదా అని చూసి ఎంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. రౌండు ఇరుక్కుని నిమిషానికోసారి ఆగిపోయే తుపాకీతో ఏం నేర్చుకుంటారు? గుండు పక్కకి పోయినప్పుడు తప్పు చేతిదో తుపాకీదో తెలియకపోతే, ఆ రౌండుకి పెట్టిన డబ్బు పోయినట్టే.

ఇక ఆ మూడింటి సంగతి. హై పాయింట్ 995 అన్నిట్లో చవక, చూడ్డానికి మొరటుగా ఉంటుంది, కంపెనీ మ్యాగజైన్‌లో (రౌండ్లు నింపే డబ్బాలో) 10 రౌండ్లే పడతాయి, కానీ తుపాకీ ఎంతమంది చేతులు మారినా కంపెనీ జీవితకాలం వారంటీ ఇస్తుంది, కొత్తగా నేర్చుకునేవాడికి అది పెద్ద ధైర్యం. కెల్‌టెక్ సబ్ 2000 మధ్యకి మడిచి బ్యాగులో పెట్టుకునే రకం, బరువు రెండు కిలోల లోపే, ఆ తేలికదనమే దాని గొప్ప, దాని కష్టం కూడా అదే. చెంప ఆనించే చోట సన్నటి గొట్టం ఉంటుంది కాబట్టి వంద రౌండ్లు దాటాక చెంప నొప్పెడుతుంది. పాత మోడళ్ళలో పైన రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపించే పరికరం) పెడితే మడవడానికి అడ్డం వస్తుంది, ఈమధ్య వచ్చిన మూడో తరం మోడల్లో ముందు భాగం తిరిగేట్టు చేసి ఆ బాధ తప్పించారు. రూగర్ పీసీ కార్బైన్ కొంచెం ఖరీదు, బరువు మూడు కిలోల పైన, కానీ రెండు ముక్కలుగా విడదీయొచ్చు, లోపల ఒక భాగం మార్చి గ్లాక్ పిస్టల్ మ్యాగజైన్లు వాడుకోవచ్చు, బోల్టు (రౌండుని లోపలికి తోసే భాగం) లాగే పిడినీ మ్యాగజైన్ బటన్నీ ఎడమ చేతివాటం వాళ్ళకి తగ్గట్టు పక్కకి మార్చుకోవచ్చు. మీ తమ్ముడికి ఇప్పటికే గ్లాక్ పిస్టల్ ఉంటే ఈ మ్యాగజైన్ల విషయం చిన్నది కాదు, ఎందుకంటే మ్యాగజైన్లు కొనడం కూడా ఖర్చే.

నన్నడిగితే, చేతిలో డబ్బు ఆడితే రూగర్ తీసుకోమంటాను. ఆడకపోతే హై పాయింట్ తీసుకుని మిగిలిన డబ్బుతో రౌండ్లు కొనమంటాను. మడిచి పెట్టుకోవాల్సిన అవసరం నిజంగా ఉంటేనే కెల్‌టెక్. ఇంకో మాట, ఆయనకి కావాల్సింది శుద్ధంగా ట్రిగ్గర్, గురి, ఊపిరి అలవాటు చేసుకోవడమే అయితే పాయింట్ 22 రైఫిల్ ఇంకా చవక, దాని రౌండు 9 ఎం.ఎం. ధరలో మూడో వంతుకో అంతకన్నా తక్కువకో వస్తుంది, 1964 నుంచి వస్తున్న రూగర్ 10/22 లాంటిది తీసుకుంటే అదే డబ్బుకి మూడింతలు కాల్చుకోవచ్చు. కానీ పోటీలకి పోవాలని ఉంటే 9 ఎం.ఎం. కార్బైనే సరైంది, అక్కడి యూఎస్‌పీఎస్‌ఏ (ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) పోటీల్లో 2016 నుంచి ఈ కార్బైన్లకి వేరే విభాగమే ఉంది.

పరీక్ష చేయడం గురించి కొంచెం వివరంగా చెప్తాను, చాలామంది ఇక్కడే తొందరపడతారు. కొత్త తుపాకీని పెట్టెలోంచి తీసి నేరుగా రేంజికి తీసుకుపోకుండా, ముందు మాన్యువల్లో చెప్పినట్టు విప్పి ఫ్యాక్టరీ గ్రీజు తుడిచి, చెప్పినచోట మాత్రమే నూనె వేయాలి. రేంజిలో మొట్టమొదటిసారి మ్యాగజైన్ నిండా వేయొద్దు, రెండే రౌండ్లు వేసి ట్రిగ్గర్ ఒకసారి నొక్కి చూడాలి. ఒక్క నొక్కుకి ఒక్కటే పేలాలి, రెండూ వరసగా పేలాయంటే ఆ తుపాకీని అక్కడే ఆపి, ఖాళీ చేసి, షాపుకి వాపసు తీసుకుపోవాలి. అట్లా మూడు నాలుగుసార్లు రెండేసి వేసి కాల్చాక గానీ ఐదు, ఆ తర్వాత ఫుల్ మ్యాగజైన్.

తర్వాత ఒకే రకం, 115 గ్రెయిన్ (గుండు బరువు) మామూలు ఫుల్ మెటల్ జాకెట్ (పైన లోహపు తొడుగున్న) రౌండ్లు ఒక 200 తీసుకుని కాల్చాలి. ఇక్కడ ఒక చిన్న పని చేయమనండి. మ్యాగజైన్ల అడుగున మార్కర్‌తో 1, 2, 3 అని నంబర్లు వేసుకోమనండి, చిన్న నోట్‌బుక్కు ఒకటి పెట్టుకుని ఎక్కడ ఆగిపోయినా "రెండో మ్యాగజైన్, ఏడో రౌండు, ఖాళీ కేసు (కాల్చాక మిగిలే గొట్టం) బయటికి రాలేదు" అని రాసుకోమనండి. 200 రౌండ్లు అయ్యాక ఆ పేజీ చూస్తే కథంతా తెలిసిపోతుంది. ఇబ్బందులన్నీ ఒక్క మ్యాగజైన్ దగ్గరే వస్తే ఆ మ్యాగజైన్ పారేసి కొత్తది కొనుక్కుంటే సరి, తుపాకీని తిట్టాల్సిన పని లేదు. అన్ని మ్యాగజైన్లలోనూ వస్తుంటే ఒకసారి శుభ్రం చేసి, ఇంకో కంపెనీ రౌండ్లతో చూసి, అప్పటికీ మారకపోతే వారంటీకి పంపేయాలి. కాలుస్తున్నప్పుడు ఎప్పుడన్నా టప్ అని నీరసంగా చప్పుడొచ్చి భుజానికి దెబ్బ తగలకపోతే ఇంకో రౌండు అస్సలు కాల్చకూడదు, గుండు బ్యారెల్లోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనకే ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది.

గ్రూపింగ్ అంటే మీకు ఎన్‌సీసీలో తెలిసిందే, ఐదు రౌండ్లు ఒకే చోట గురిపెట్టి కాల్చి, ఎక్కడ తగిలాయని కాకుండా ఎంత దగ్గర దగ్గరగా తగిలాయని చూస్తాం కదా, ఇక్కడా అదే. ఇసుక సంచి మీద ఆనించి 25 గజాల దగ్గర ఐదేసి రౌండ్లు ఐదు గ్రూపులు కాల్చి, ఒక్కో గ్రూపులో దూరదూరంగా పడ్డ రెండు బొక్కల మధ్య దూరం స్కేలుతో కొలిచి, ఐదింటి సరాసరి తీయాలి. బాగా వచ్చిన ఒక్క గ్రూపు ఫొటో తీసి ఫ్రెండ్స్‌కి పంపుకుంటే పంపుకోమనండి కానీ నోట్‌బుక్కులో మాత్రం సరాసరే రాయాలి. తర్వాత 50 గజాలు. మామూలు రౌండ్లతో 50 గజాల్లో మూడు నాలుగు అంగుళాల గ్రూపు వస్తే చవక కార్బైన్‌కి అది చాలా మంచి లెక్క, అంతకన్నా బిగువు కోసం డబ్బు పోయక్కర్లేదు. ఎనిమిది పది అంగుళాలు చెదిరితే మాత్రం ముందు రెడ్ డాట్ స్క్రూలు చూడాలి. చవక డాట్‌లు కొన్నవాళ్ళకి ఎక్కువగా ఇబ్బంది వచ్చేది ఆ స్క్రూల దగ్గరే. స్క్రూ తల మీద నుంచి మౌంటు (డాట్‌ని తుపాకీకి బిగించే పట్టు) మీదికి గోళ్ళ రంగుతో ఒక సన్న గీత గీసి పెట్టుకోండి, స్క్రూ ఏమాత్రం తిరిగినా గీత విరిగినట్టు కనపడుతుంది.

డాట్ విషయంలోనే ఇంకోటి. డాట్ బ్యారెల్‌కి పైన రెండు, రెండున్నర అంగుళాల ఎత్తులో ఉంటుంది కాబట్టి 25 గజాలకి జీరో చేసిన (గురిపెట్టిన చోటే తగిలేట్టు సర్దిన) తుపాకీతో 7 గజాల దగ్గర కాలిస్తే గుండు దాదాపు ఒకటిన్నర అంగుళం కిందకి తగులుతుంది. తుపాకీ చెడిపోయిందని కంగారుపడి డాట్ తిప్పొద్దు. దగ్గర టార్గెట్‌కి ఆ ఒకటిన్నర అంగుళం పైకి పెట్టి కాల్చడం అలవాటు చేసుకోవడం కూడా శిక్షణలో భాగమే.

ఇన్‌డోర్ రేంజి అయితే అక్కడి నిబంధనలు ముందే అడగమనండి. చాలా రేంజిల్లో గేటు దగ్గరే అయస్కాంతం పెట్టి చూస్తారు, అయస్కాంతానికి అంటుకునే గుండ్లయితే లోపలికి రానివ్వరు, అందుకని చవకగా వచ్చాయని అట్లాంటివి డబ్బాలు డబ్బాలు కొనుక్కుంటే ఇంట్లోనే ఉంటాయి. చెవులకి లోపల ఇయర్ ప్లగ్గులు, పైన మఫ్స్ రెండూ పెట్టుకోవాలి, ఇన్‌డోర్‌లో ఒక్కటి చాలదు. ఈ రకం తుపాకుల్లో పొగ, మసి మొహం మీదికి కొడుతుంది, కళ్ళద్దాలు లేకుండా ఒక్క రౌండు కూడా వద్దు. బయటికొచ్చాక చేతులు, మొహం చల్లటి నీళ్ళతో సబ్బు పెట్టి కడుక్కున్నాకే ఏదన్నా తినాలి, రేంజి దుమ్ములో సీసం ఉంటుంది, ఆ బట్టలతోనే ఇంటికొచ్చి చిన్నపిల్లల్ని ఎత్తుకోవడం మంచిది కాదు. మీ తమ్ముడికి చిన్నపిల్లలుంటే తుపాకీ కంటే ముందు తాళం వేసే సేఫ్ కొనమనండి, ఆ ఖర్చు కూడా తుపాకీ ధరలో కలిపే లెక్కపెట్టుకోవాలి. నా దృష్టిలో సేఫ్ కొనలేనివాడికి ఇంకా తుపాకీ కొనే టైం రాలేదు.

ప్రశ్న: సార్, మాది జమ్మలమడుగు, మా బావమరిది కూడా టెక్సాస్‌లోనే ఉంటాడు. ఈ వేసవిలో విజిటర్ వీసా మీద రెండు నెలలు పోతున్నాను. అక్కడి రేంజిలో నేనూ ఆ కార్బైన్ కాల్చొచ్చా? నచ్చితే వచ్చేటప్పుడు ఒకటి ఇండియాకి తెచ్చుకునే దారి ఉందా?

జవాబు: రెండో ప్రశ్నకి జవాబు చిన్నది. కుదరదు. మన దేశంలో 9 ఎం.ఎం. ప్రొహిబిటెడ్ బోర్ (నిషేధిత రకం), ఆర్మ్స్ యాక్ట్ 1959 ప్రకారం కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఎవరి దగ్గరా ఉండకూడదు, కలెక్టర్ ఆఫీసులో మామూలుగా ఇచ్చే లైసెన్సు మీద అది రాదు. 2019 సవరణ తర్వాత ప్రొహిబిటెడ్ ఆయుధం దొరికితే శిక్ష కనీసం ఏడేళ్ళు, పద్నాలుగేళ్ళ దాకా పోవచ్చు. ఆలోచన కూడా పెట్టుకోవద్దు.

మొదటి ప్రశ్నకి కొంచెం ఓపిగ్గా చదవండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు, అంటే మీలాంటి విజిటర్లే కాదు, అక్కడ చదువుకునే మన పిల్లలు, హెచ్‌1బీ మీద ఉద్యోగం చేసేవాళ్ళు కూడా, తుపాకీ గానీ రౌండ్లు గానీ దగ్గర పెట్టుకోకూడదు. రేంజిలో అద్దెకి తీసుకుని పది నిమిషాలు కాల్చినా ఆ పది నిమిషాలూ తుపాకీ మీ చేతిలో ఉన్నట్టే లెక్క. దీనికి మినహాయింపులున్నాయి, అందులో అందరూ వాడుకునేది అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్. వేటకి పోకపోయినా అది చెల్లుబాటులో ఉండి మీ జేబులో ఉంటే మీకు ఆ నిషేధం వర్తించదు. టెక్సాస్‌లో అయితే పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ బయటి వాళ్ళకీ లైసెన్స్ ఇస్తుంది, 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ నిబంధన ఒకటి ఉంది, అదీ చూసుకోండి. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళకి ఈ తలనొప్పి లేదు. మన కాలేజీల నుంచి పోయిన పిల్లలు ఫ్రెండ్స్‌తో కలిసి సరదాగా రేంజికి పోయి ఫొటోలు పెడుతుంటారు, వాళ్ళలో చాలామందికి ఈ సంగతే తెలీదు, కౌంటర్ దగ్గర ఎవరూ అడగలేదు కాబట్టి తప్పు కాదనుకుంటారు. వీసా మీద మచ్చ పడితే తుడవడం ఎంత కష్టమో ఆ ఇంట్లో వాళ్ళకే తెలుసు, అందుకే మీ ఊళ్ళో పిల్లల్ని పంపిన తల్లిదండ్రులందరికీ ఈ మాట చెప్పండి. అనుమానం ఉంటే అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడగడం మంచిది.

ఇంకొకటి, తిరుగు ప్రయాణంలో బ్యాగులు. రేంజికి తీసుకుపోయిన బ్యాగుని ఫ్లైటుకి వాడొద్దు. సైడు జేబులో మర్చిపోయిన ఒక్క లైవ్ రౌండు ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనపడితే మీరు తెలిసి తెచ్చారా తెలియక తెచ్చారా అన్నది తర్వాత సంగతి, ముందు కేసు అవుతుంది. హైదరాబాదులో దిగినా బెంగళూరులో దిగినా అంతే. గుర్తుకి కాల్చేసిన రౌండు ఖాళీ గొట్టం ఒకటి తెచ్చుకుందాం అని కూడా అనుకోవద్దు.

ప్రశ్న: నేను కర్నూలు రెండో బెటాలియన్ ఏపీఎస్పీలో చేసి రిటైర్ అయినాను. సర్వీసులో 9 ఎం.ఎం. కార్బైన్ చాలా కాల్చినాం. ఇప్పుడు అమెరికాలో మా మనవళ్ళు కాల్చేది కూడా అదేనా? వాళ్ళేమో దెబ్బ గట్టిగా తగుల్తుంది తాతా అంటారు, మాకట్లా ఏం అనిపించలేదే.

జవాబు: అయ్యా, రౌండు అదే, మీ సర్వీసు పిస్టల్లో వేసిన 9 ఎం.ఎం. రౌండే. తుపాకీ వేరు. మీరు కాల్చింది స్టెర్లింగ్ రకం, మన కాన్పూర్‌లో తయారైన కార్బైన్ 1ఏ1. ఎడమ పక్కకి అడ్డంగా మ్యాగజైన్, ఎనిమిది అంగుళాల లోపు బ్యారెల్, సింగిల్ షాట్‌తో పాటు బర్స్ట్ కూడా వచ్చేది. అది ఓపెన్ బోల్టు, అంటే బోల్టు వెనక్కి లాగి నిలబడి ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే ఆ బరువంతా ముందుకు పరిగెత్తి రౌండుని ఛాంబర్లోకి తోసి పేలుస్తుంది. మొదటి రౌండుకి గురి కొంచెం కదిలేదని మీకు గుర్తుండే ఉంటుంది, దానికి కారణం ఆ పరుగే.

మీ మనవళ్ళు కాల్చేవి క్లోజ్డ్ బోల్టు, అంటే కాల్చే ముందే బోల్టు ముందుకి మూసుకుని ఉంటుంది, ఒక నొక్కుకి ఒకటే రౌండు, బర్స్ట్ అనేదే లేదు. బ్యారెల్ 16 అంగుళాల పైన ఉంటుంది, 1934 నాటి అమెరికా చట్టం ప్రకారం అంతకన్నా పొట్టి రైఫిల్‌కి వేరే రిజిస్ట్రేషన్ కావాలి, అందుకే కంపెనీలన్నీ 16 దగ్గరే ఆగుతాయి. బ్యారెల్ పొడుగు కాబట్టి అదే రౌండు పిస్టల్ కంటే సెకనుకి ఒక 100, 200 అడుగుల వేగం ఎక్కువ పోతుంది, మరీ పెద్ద తేడా ఏం కాదు.

దెబ్బ సంగతి మీ మనవళ్ళు చెప్పింది నిజమే. ఈ చవక కార్బైన్లన్నీ బ్లోబ్యాక్ మీదే నడుస్తాయి, అంటే బోల్టుకి తాళం ఏమీ ఉండదు, దాని బరువు, వెనక స్ప్రింగు, ఈ రెండే పేలుడుని ఆపుతాయి. అందుకని బోల్టు బరువుగా పెట్టాల్సి వస్తుంది, ఆ బరువు వెనక్కొచ్చి ఆగినప్పుడు భుజానికి గట్టిగా తడుతుంది, 9 ఎం.ఎం.కి ఇంత దెబ్బేంటి అనిపిస్తుంది. జర్మనీ ఎంపీ5 సబ్‌మెషిన్ గన్ లాంటి వాటిలో రోలర్లు పెట్టి బోల్టుని కాస్త ఆలస్యంగా తెరుచుకునేట్టు చేశారు, అందుకే అవి అంత మెత్తగా కాలుతాయి, అందుకే అంత ఖరీదు కూడా. రూగర్ వాళ్ళు బోల్టులో టంగ్‌స్టన్ బరువు ఒకటి కదిలేట్టు పెట్టి కొంత తగ్గించారు. సబ్ 2000 లాంటి తేలిక దాంట్లో దెబ్బ బాగా తెలుస్తుంది. మనవళ్ళకి నేర్పాలనుకుంటే మీ డ్రిల్లు చాలు, స్టాకుని (తుపాకీ వెనక భాగాన్ని) భుజం గుంతలో గట్టిగా ఆనించి కొంచెం ముందుకి వంగి నిలబడమనండి, సగం దెబ్బ అక్కడే పోతుంది.

ప్రశ్న: మాది అనంతపురం, నేను టీచర్ని. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటానంటోంది. తెలిసినవాళ్ళు సెకండ్ హ్యాండ్‌లో విదేశీ మ్యాచ్ రైఫిల్ లక్షా ఇరవై వేలకి ఇప్పిస్తామంటున్నారు, కొత్తది రెండు మూడు లక్షలట. కొనేయమంటారా? లైసెన్స్ కావాలా?

జవాబు: మేడమ్, ఈ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమైంది. మన సీమలో తుపాకీ అనగానే జనానికి వేరే సంగతులు గుర్తొస్తాయి, ఒక ఆడపిల్ల దాన్ని ఆటగా నేర్చుకుంటానంటే అమ్మ వెనక నిలబడటం మామూలు విషయం కాదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకి బంగారు పతకం, 2012లో లండన్‌లో హైదరాబాద్ గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లోనే.

లైసెన్స్ విషయం: బోరు పాయింట్ 177, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌల్స్ లోపు ఉన్న ఎయిర్ రైఫిల్‌కి ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు, మ్యాచ్ రైఫిళ్ళన్నీ ఆ లోపలే ఉంటాయి. కొనేటప్పుడు గుర్తింపు కార్డు ఇచ్చి బిల్లు తప్పనిసరిగా తీసుకోండి, ఇంటి నుంచి రేంజికి తీసుకుపోయేటప్పుడు ఆ బిల్లు కాపీ రైఫిల్ పెట్టెలోనే పెట్టుకోండి.

కొనడం మాత్రం ఇప్పుడే వద్దు. ముందు జిల్లా స్పోర్ట్స్ అథారిటీ ఆఫీసులో దగ్గర్లో రేంజి, కోచ్ ఎవరున్నారో కనుక్కోండి, మొదటి కొన్ని నెలలు రేంజి రైఫిల్‌తోనే నేర్చుకోనివ్వండి. ఆ ఈడు పిల్లలు ఏడాదికి ఎంత పొడుగు పెరుగుతారో మీకు నేను చెప్పక్కర్లేదు, స్టాక్ ఎంత సర్దుకునేది అయినా, షూటింగ్‌కి వేసుకునే జాకెట్టు మాత్రం బిగువైపోతుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. బాల్‌పెన్నుతో ఒక చుక్క పెట్టి గోడకి అంటించి పది మీటర్ల దూరం నుంచి చూడమనండి, ఈ ఆటలో ఏం కావాలో అమ్మాయికే అర్థమవుతుంది. పోటీలో అట్లా 60 షాట్లు కాల్చాలి. ఇది సగానికి పైగా నిలబడే పద్ధతి, ఓపిక మీద ఆధారపడ్డ ఆట, అవి ఏ రైఫిల్‌తో అయినా నేర్చుకోవచ్చు.

ఆ సెకండ్ హ్యాండ్ రైఫిల్ నిజంగా చూడాలనుకుంటే కోచ్‌ని వెంటబెట్టుకుని పోయి మొట్టమొదట ఎయిర్ సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడండి. ఈ మ్యాచ్ రైఫిళ్ళ సిలిండర్లకి మామూలుగా పదేళ్ళ గడువు ఉంటుంది, గడువు దాటిన సిలిండర్‌ని పోటీల్లో ఒప్పుకోరు, దాన్ని నింపడం కూడా ప్రమాదమే, కొత్త సిలిండర్ మళ్ళీ వేలల్లో ఖర్చు. లక్షా ఇరవై వేలంటే చవకగా కనపడుతుంది కానీ తేదీ అయిపోయిన సిలిండర్‌తో వస్తే ఆ ఖర్చు కలిపే బేరం ఆడాలి. తర్వాత సిలిండర్ నింపి, గేజీ మీద ఎంతుందో రాసుకుని ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడండి, తగ్గితే సీళ్ళు పోయాయి. ఆ తర్వాత రైఫిల్‌ని బెంచి మీద ఆనించి కోచ్ చేత పది షాట్లు కాల్పించండి, అన్నీ దాదాపు ఒకే బొక్కలోంచి పోవాలి, పోకపోతే ఇంకో బ్యాచ్ పెల్లెట్లతో (ఎయిర్ రైఫిల్ గుండ్లతో) చూడాలి, ఎందుకంటే ఒక్కో బ్యారెల్‌కి ఒక్కో పెల్లెట్ నప్పుతుంది. అమ్మేవాళ్ళు ఇవేమీ చూడనివ్వకుండా తొందర పెడుతున్నారంటే ఆ రైఫిల్ వదిలేయండి.

ఇంట్లో ప్రాక్టీసుకి అసలు పెల్లెట్టే అవసరం లేదు, మ్యాచ్ రైఫిళ్ళలో డ్రై ఫైర్ సౌకర్యం ఉంటుంది, ఖాళీ రైఫిల్‌తో గోడకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడం రోజూ చేయొచ్చు. ఇంకో జాగ్రత్త, మన అనంతపురం ఎండల్లో నింపిన సిలిండర్‌ని మూసిన కారులో పెట్టి పోవద్దు.

ప్రశ్న: గుంతకల్లు నుంచి రాస్తున్నా. ఇరవై వేలు పెట్టి స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కొన్నా, దాని మీద పెట్టిన టెలిస్కోప్ కొన్నాళ్ళకే పాడైంది, గురి ఎక్కడో, పెల్లెట్ ఎక్కడో. రైఫిల్ మంచిది కాదా?

జవాబు: రైఫిల్ తప్పు కాకపోవచ్చు. స్ప్రింగ్ రైఫిల్‌లో పిస్టన్ ముందుకు పరిగెత్తినప్పుడు రైఫిల్ వెనక్కి, పిస్టన్ ఆగినప్పుడు మళ్ళీ ముందుకి, రెండు వైపులా దెబ్బ పడుతుంది. మామూలు రైఫిల్ స్కోపులు ఒక వైపు దెబ్బకే తయారు చేసినవి, ముందుకొచ్చే దెబ్బకి లోపలి అద్దాలు కదిలిపోతాయి. ఎయిర్ గన్‌కి అని రాసి ఉన్న స్కోపే కొనండి, వెనక్కి జారకుండా ఆపే స్టాపర్ ఉన్న మౌంటు తీసుకోండి. ముందు ఆ స్కోపు తీసేసి రైఫిల్ సొంత గురితోనే పది మీటర్ల దగ్గర ఐదు పెల్లెట్లు కాల్చి చూడండి, గ్రూపు దగ్గరగా వస్తే మీ రైఫిల్ బాగానే ఉన్నట్టు. ఆ రైఫిల్‌ని పెల్లెట్ లేకుండా ఎప్పుడూ కాల్చొద్దు, ఆపే గాలి లేక పిస్టన్ పోయి నేరుగా గుద్దుకుంటుంది, సీలు పగిలిపోతుంది. ముందు గ్రిప్పు గట్టిగా పిసికి పట్టుకోకుండా అరచేతి మీద వదులుగా ఆనించి కాల్చండి, స్ప్రింగ్ రైఫిల్ ప్రతిసారీ ఒకే రకంగా కదలాలంటే పట్టు అట్లాగే ఉండాలి.